ఓడిన జట్టు కూర్చునే వరుస

శీతకాలపు ఉదయం. పంజాబులోని ఒక విశ్వవిద్యాలయ క్రీడామైదానం. పొగమంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. ఎదుటి గోలు స్తంభాలు మసకగా కనిపిస్తున్నవి. అంతర విశ్వవిద్యాలయ హాకీ పోటీలలో ఆనాటి మొదటి ఆట ఆరంభం కావడానికి మరి కొంత వ్యవధి ఉన్నది. ప్రేక్షకులు కూర్చునే మెట్ల మీద ఒక మూల పదిహేను ఇరవై మంది యువకులు శాలువలు కప్పుకొని, చేతిలో టీ గ్లాసులతో ఒదిగి కూర్చున్నారు. వారి చొక్కాల మీద ఉన్న విశ్వవిద్యాలయం పేరు ఆనాడు ఆడబోయే జట్లలో దేనిదీ కాదు. వారు నిన్న సాయంకాలమే ఓడిపోయినారు. తిరుగు ప్రయాణానికి రైలు మరునాడు గాని లేదు. కావున ఆటగాళ్లుగా వచ్చినవారు ఈనాడు ప్రేక్షకులుగా మారినారు.

ఇట్టి దృశ్యం ఏ ఒక్క సంవత్సరానికో, ఏ ఒక్క ఊరికో పరిమితమైనది కాదు. కళాశాల విద్యార్థుల హాకీ పోటీలు ఎక్కడ జరిగినా దాదాపు ఇటువంటి వరుస ఒకటి కనిపిస్తుంది. క్రికెట్ పోటీలకు వేలాది జనం టిక్కెట్లు కొని వస్తారు. విద్యార్థుల హాకీకి అటువంటి జనం రారు. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయపు విద్యార్థులు, ఆ ఊరి పాత ఆటగాళ్లు, వ్యాయామ ఉపాధ్యాయులు, దారిన పోతూ ఆగినవారు, వీరికి తోడు ఓడిన జట్లవారు, ఇంకా తమ వంతు రాని జట్లవారు: ఇదే అక్కడి ప్రేక్షక సమాజం. సంఖ్యలో చిన్నదైనా దీని స్వభావం విశిష్టమైనది. దేశపు నాలుగు చెరగుల నుంచి వచ్చినవారు ఒకే బల్ల మీద కూర్చొని, తమకు సంబంధం లేని రెండు జట్ల ఆటను తమ ఆటగా చూడటం ఇక్కడ నిత్యం జరిగే విషయం. దేశ సమైక్యతను గురించి వేదికల మీద ఎంతైనా చెప్పవచ్చును. అది మనిషిలో ఏ విధంగా అలవాటుగా మారుతుందో తెలుసుకోవాలంటే ఈ వరుసను కొంచెం దగ్గరగా పరిశీలించవలసి ఉన్నది.

పోటీల నిర్మాణం

మన దేశంలో విశ్వవిద్యాలయాల మధ్య క్రీడాపోటీలను సమన్వయపరచే సంస్థ భారత విశ్వవిద్యాలయాల సంఘం. ఇది 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా ఏర్పడి, 1973లో ఇప్పటి పేరును స్వీకరించినది. పోటీల కొరకు దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర అని నాలుగు మండలాలుగా విభజించినారు. ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలు మొదట తమలో తాము పోటీ పడతాయి. ఆ ఆటలలో రాణించిన విద్యార్థుల నుంచి విశ్వవిద్యాలయపు జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు మండల పోటీలలో ఆడుతుంది. మండలాలలో ముందు నిలిచిన జట్లు అఖిల భారత పోటీలకు చేరుకుంటాయి.

పోటీలను నిర్వహించే బాధ్యతను ఏటా ఏదో ఒక విశ్వవిద్యాలయం స్వీకరిస్తుంది. ఆతిథ్యమిచ్చేవారు వచ్చిన జట్లకు విద్యార్థి వసతి గృహాలలోనో, ఖాళీగా ఉన్న తరగతి గదులలోనో బస కల్పిస్తారు. అన్నం తినేవారు రొట్టెకు, రొట్టె తినేవారు అన్నానికి కొన్ని రోజుల పాటు అలవాటు పడవలసి వస్తుంది. స్నానానికి వేడినీటి కొరకు నిలబడిన వరుసలో మొదలయిన పరిచయం సాయంత్రానికి మైదానం ప్రక్కన స్నేహంగా మారడం కద్దు.

విశ్వవిద్యాలయ క్రీడలన్నిటిలో మొత్తం మీద ఉత్తమంగా నిలిచిన విశ్వవిద్యాలయానికి ఇచ్చుటకు మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ పేరిట 1956-57లో ఒక ట్రోఫీని నెలకొల్పినారు. స్వతంత్ర భారతదేశపు మొదటి విద్యామంత్రి పేరును ఆటలకు జోడించడంలో ఒక ఉద్దేశం ఉన్నది. ఆట చదువుకు అడ్డు కాదని, అది కూడా విద్యలో ఒక భాగమని దాని అర్థం. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం, పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం, అమృత్‌సర్‌లోని గురు నానక్ దేవ్ విశ్వవిద్యాలయం ఈ ట్రోఫీని అనేక పర్యాయాలు గెలుచుకొన్నవి. 2020లో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ప్రారంభమైన తరువాత విద్యార్థుల పోటీలకు మరొక వేదిక కూడా ఏర్పడినది.

లాహోరు నాటి జ్ఞాపకం

విద్యార్థుల హాకీకి ఇంతటి గౌరవం ఏ విధంగా వచ్చినదో తెలుసుకోవాలంటే స్వాతంత్ర్యానికి పూర్వం నాటి చరిత్రను చూడాలి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశం మొదటిసారి హాకీలో స్వర్ణపతకం పొందినది. ఆ జట్టు నాయకుడు జైపాల్ సింగ్ ఛోటా నాగపూర్ ప్రాంతానికి చెందిన ముండా గిరిజనుడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున హాకీ ఆడి పేరు తెచ్చుకొన్న విద్యార్థి. తరువాతి కాలంలో ఆయన రాజ్యాంగ సభలో గిరిజనుల పక్షాన గళమెత్తినాడు. మన ఒలింపిక్ హాకీ చరిత్రలో మొదటి నాయకుడు ఒక విశ్వవిద్యాలయపు మైదానం నుంచి వచ్చినవాడే అన్నమాట.

1940 ప్రాంతంలో విద్యార్థుల హాకీకి కేంద్రం పంజాబు. ఆనాటి పంజాబ్ విశ్వవిద్యాలయం లాహోరులో ఉండేది. లాహోరు, అమృత్‌సర్, లయల్‌పూర్ వంటి పట్టణాలలోని కళాశాలలు దాని పరిధిలో ఉండేవి. లాహోరులోని సిక్కు నేషనల్ కళాశాలలో చదువుతున్న బల్‌బీర్ సింగ్ అనే యువకుని ఆటను హర్‌బైల్ సింగ్ అనే శిక్షకుడు గమనించి, అతనిని అమృత్‌సర్‌లోని ఖాల్సా కళాశాలకు రప్పించినాడు. ఆ యువకుని నాయకత్వంలో పంజాబ్ విశ్వవిద్యాలయం 1943, 1944, 1945 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ విజేతగా నిలిచినది. హిందూ, ముస్లిమ్, సిక్కు విద్యార్థులు అందరూ చదివిన విశ్వవిద్యాలయం అది. వారి ఆటను చూడటానికి వచ్చినవారు కూడా అన్ని మతాలవారే.

1947లో ఉమ్మడి పంజాబు జట్టు జాతీయ పోటీలలో విజయం సాధించినది. ఆ జట్టుకు నాయకుడు ఎ.ఐ.ఎస్. దారా, సెంటర్ ఫార్వర్డ్ బల్‌బీర్ సింగ్. ఆ ఏడాదే దేశం రెండుగా చీలినది. మరుసటి సంవత్సరం, 1948లో, లండన్ ఒలింపిక్ క్రీడలకు ఈ ఇద్దరూ వెళ్లినారు. దారా పాకిస్తాన్ జట్టుకు నాయకుడు. బల్‌బీర్ భారత జట్టు సభ్యుడు. 1948 ఆగస్టు 12న జరిగిన చివరి ఆటలో భారతదేశం బ్రిటన్‌ను 4-0 తేడాతో ఓడించినది. అందులో రెండు గోల్స్ బల్‌బీర్ చేసినవి. పాకిస్తాన్ జట్టు నాలుగవ స్థానంలో నిలిచినది. ఏడాది కిందట ఒకే జట్టుగా ఆడినవారు ఇప్పుడు రెండు జెండాల క్రింద నడిచినారు.

ఆటగాళ్లకే కాదు, కళాశాలలకు కూడా ఇదే అనుభవం కలిగినది. 1908లో లయల్‌పూర్‌లో స్థాపితమైన ఖాల్సా కళాశాల విభజన అనంతరం తన ఊరును కోల్పోయినది. 1948లో జలంధర్‌లో మళ్లీ ఆరంభమైనది. ఆ ఊరు సరిహద్దు ఆవల ఉండిపోయి, దాని పేరు కాలక్రమాన ఫైసలాబాద్‌గా మారినది. కాని జలంధర్‌లోని కళాశాల ఈనాటికీ లయల్‌పూర్ ఖాల్సా కళాశాలగానే పిలువబడుతున్నది. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టు నాయకుడు అజిత్ పాల్ సింగ్ ఈ కళాశాల విద్యార్థి. ఆనాటి చివరి ఆటలో ప్రత్యర్థి పాకిస్తాన్, తేడా 2-1.

ఈ చరిత్రను గుర్తు చేసుకోవడానికి కారణం ఉన్నది. ఒకే మైదానం ప్రక్కన కూర్చొని చప్పట్లు కొట్టినవారి మధ్య కూడా గోడ లేవవచ్చునని ఆ సంవత్సరాలు నిరూపించినవి. క్రీడాస్నేహం దానంతట అదే దేశాన్ని కాపాడుతుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే గోడ లేచిన తరువాత కూడా ఎదుటి జట్టులోని ఆటగాడి పేరు, అతని కర్ర పనితనం మరచిపోని ప్రేక్షకులు రెండు వైపులా మిగిలినారు. ఆ మాత్రపు జ్ఞాపకమే తరువాతి తరాలకు అందిన ఆస్తి. దానిని పోగొట్టుకోకుండా ఉండటం ఈనాటి విద్యార్థుల చేతిలో ఉన్నది.

మూడు ప్రాంతాలు, మూడు అలవాట్లు

హాకీని చూసే పద్ధతి దేశమంతటా ఒక్కటి కాదు. జలంధర్ కంటోన్మెంటు ప్రక్కన ఉన్న సంసార్‌పూర్ గ్రామం డజనుకు పైగా ఒలింపిక్ ఆటగాళ్లను అందించిన చిన్న ఊరు. అటువంటి ప్రాంతపు వృద్ధులు మైదానానికి వచ్చినప్పుడు బంతి వెంట చూపు పరుగెత్తించరు. బంతి లేని ఆటగాడు ఎక్కడికి కదులుతున్నాడో చూస్తారు. ప్రక్కన కూర్చున్న దక్షిణాది కుర్రవాడికి, భాష తెలియకపోయినా, వేలితో ఆ ఖాళీ స్థలాన్ని చూపిస్తారు. మరుక్షణమే బంతి అక్కడికి చేరుతుంది. ఆ కుర్రవాడు ఏ పుస్తకంలోనూ చదవని పాఠం అది.

ఒడిశాలోని సుందర్‌గఢ్, ఝార్ఖండ్‌లోని సిమ్‌డెగా జిల్లాలలో ఆట మరొక విధంగా జీవిస్తున్నది. అక్కడ గ్రామాల మధ్య జరిగే పోటీలలో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమానంగా ఇచ్చే ఆచారం ఉన్నది. ఊరంతా కదలి వస్తుంది. అక్కడ ప్రేక్షకుడికి, ఆటగాడికి మధ్య దూరం తక్కువ. వెదురుకొమ్మతోనో, చెట్టుకొమ్మతోనో ఆడిన పిల్లవాడు కొన్నేళ్లకు భారత జట్టులో కనిపించిన సందర్భాలు లేకపోలేదు. భారత జట్టుకు నాయకత్వం వహించిన దిలీప్ తిర్కీ సుందర్‌గఢ్ జిల్లా గ్రామం నుంచి వచ్చినవాడే. 2023 జనవరిలో రూర్కెలాలో బిర్సా ముండా పేరిట ఇరవై వేలకు పైగా ఆసనాలు గల హాకీ క్రీడాప్రాంగణం ప్రారంభమైనప్పుడు, ప్రపంచ కప్పు పోటీలకు అది నిండిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ జనం ఆటను కొత్తగా నేర్చుకొన్నవారు కారు.

కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఆట కుటుంబ వ్యవహారం. 1997లో పాండండ కుట్టప్ప ప్రోద్బలంతో అక్కడ కొడవ కుటుంబాల హాకీ ఉత్సవం మొదలయినది. మొదటి ఏడు 60 కుటుంబాల జట్లు పాల్గొన్నవి. 2024 నాటికి ఆ సంఖ్య 360కి పెరిగినది. ఒకే ఇంటిపేరు గలవారు ఒక జట్టు. తాతగారు, మనుమడు, ఇంటి ఆడపడుచు ఒకే జట్టులో ఆడవచ్చును. కావున అక్కడ ప్రేక్షకుల వరుస పెళ్లిపందిరిని తలపిస్తుంది.

ఈ మూడు ప్రాంతాల యువకులు తమ తమ విశ్వవిద్యాలయాల జట్లలో వచ్చి ఒకే మెట్ల మీద కూర్చున్నప్పుడు మూడు రకాల చూపులు కలుస్తాయి. పంజాబు విద్యార్థి ఎత్తుగడను గమనిస్తాడు. సుందర్‌గఢ్ విద్యార్థి ఆటగాడి శరీరంలోని వేగాన్ని, అలసటను గుర్తిస్తాడు. కొడగు విద్యార్థి ఎవరి తరువాత ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారో లెక్క పెట్టుకొంటాడు. ఒకరి చూపు మరొకరికి అంటుకొంటుంది. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన జట్టును పరిశీలిస్తే ఈ కలయిక ఫలితం తెలుస్తుంది. నాయకుడు వాసుదేవన్ భాస్కరన్ మద్రాసు లయోలా కళాశాల విద్యార్థి. జఫర్ ఇక్బాల్ అలీగఢ్ ముస్లిమ్ విశ్వవిద్యాలయపు విద్యార్థి. మహమ్మద్ షాహిద్ వారణాసివాడు, సోమయ్య కొడగువాడు, సిల్వానస్ డుంగ్ డుంగ్ సిమ్‌డెగా ప్రాంతపు గిరిజనుడు. స్పెయిన్‌పై 4-3 తేడాతో వచ్చిన ఆ విజయం ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదు.

చూడవలసినది ఏమిటి?

హాకీని మొదటిసారి చూసేవారికి అది అర్థం కాని ఆటగా తోచవచ్చును. బంతి చిన్నది, వేగం ఎక్కువ, అంపైరు ఈల మాటిమాటికీ వినిపిస్తుంది. తెలిసిన ప్రేక్షకుని ప్రక్కన కూర్చోవడం వలన కలిగే ప్రయోజనం ఇక్కడే బోధపడుతుంది.

మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. జట్టుకు పదకొండు మంది. పూర్వం 35 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఆడేవారు. ఇప్పుడు 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. గోలు ఎదుట అర్ధవలయాకారంలో ఒక గీత ఉంటుంది. దానిని ఆటగాళ్లు ‘డి’ అని పిలుస్తారు. ఆ గీత లోపలి నుంచి కొట్టిన బంతి మాత్రమే గోలుగా లెక్కకు వస్తుంది. కావున దూరం నుంచి ఎంత గట్టిగా కొట్టినా ప్రయోజనం లేదు. బంతిని ఆ గీత లోపలికి తీసుకొని పోవడమే ఆటలోని కష్టమంతా.

రక్షించే జట్టు ఆ గీత లోపల తప్పు చేసినప్పుడు సాధారణంగా పెనాల్టీ కార్నర్ ఇస్తారు. అప్పుడు రక్షించేవారిలో గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే గోలు గీత వెనుక నిలుస్తారు. తక్కినవారు మైదానం మధ్యగీత ఆవలికి వెళ్లాలి. దాడి చేసే జట్టువారు ‘డి’ వెలుపల నిలబడతారు. ఒకడు గోలు గీత మీద నుంచి బంతిని బయటకు నెడతాడు. మరొకడు దానిని ఆపుతాడు. మూడవవాడు గోలు వైపు పంపుతాడు. ఇదంతా రెండు మూడు క్షణాలలో ముగిసిపోతుంది. తెలియనివారు మూడవవానిని మాత్రమే చూస్తారు. తెలిసినవారు రెండవవానిని చూస్తారు. బంతి నిశ్చలంగా ఆగినదా లేదా అన్నదాని మీదనే తక్కినదంతా ఆధారపడి ఉంటుంది. గోలు కొట్టినవాని పేరు మరునాటి పత్రికలో వస్తుంది. ఆపినవాని పేరు రాదు. కాని మెట్ల మీద కూర్చున్న ఓడిన జట్టులో ఆ పనినే నిన్న చేసి విఫలమైన ఒక విద్యార్థి ఉంటాడు. అతడు ఆపినవానికే ముందుగా చప్పట్లు కొడతాడు. అతనిని చూసి ప్రక్కవారు కొడతారు. కనిపించని శ్రమను గుర్తించడం ఈ వరుసలో ఆ విధంగా వ్యాపిస్తుంది.

మట్టి మైదానం, కృత్రిమ మైదానం

విద్యార్థుల హాకీలో ఒక అసమానత ఉన్నది. దానిని దాచిపెట్టడం వలన ప్రయోజనం లేదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడినారు. అంతకు ముందు సంవత్సరమే ప్రపంచ విజేతగా నిలిచిన భారతదేశం అక్కడ ఏడవ స్థానానికి పడిపోయినది. సహజమైన పచ్చిక మీద బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది. మణికట్టు నైపుణ్యం, ఓర్పు అక్కడ ప్రధానం. కృత్రిమ మైదానం మీద బంతి తిన్నగా, మిక్కిలి వేగంగా పోతుంది. పరుగు, బలం, ముందుగా అంచనా వేసే శక్తి అక్కడ ప్రధానం. ఆట అదే, పేరు అదే. కాని కావలసిన విద్య మారిపోయినది.

కృత్రిమ మైదానం వేయడానికి కోట్ల రూపాయల ఖర్చు. నీటితో తడిపే రకానికి ప్రతి ఆటకు ముందు విస్తారంగా నీరు పట్టవలసి ఉంటుంది. కొన్నేళ్లకు దానిని మార్చవలసి ఉంటుంది. అన్ని కళాశాలలు ఇంతటి భారాన్ని మోయలేవు. అందువలన దేశంలో అనేక కళాశాలల విద్యార్థులు మట్టి నేల మీదనో, గరుకైన పచ్చిక మీదనో అభ్యాసం చేసి, పోటీలనాడు కృత్రిమ మైదానం మీద కాలు మోపుతున్నారు. అట్టి జట్టు మొదటి పది నిమిషాలలోనే మూడు నాలుగు గోల్స్ తేడాతో వెనుకబడటం కద్దు. బంతిని ఆపబోతే కర్ర మీద నుంచి జారిపోతుంది. తిరగబోతే పాదం పట్టు తప్పుతుంది.

ప్రేక్షకుని సంస్కారానికి ఇదే అసలు పరీక్ష. గెలిచే జట్టును మెచ్చుకోవడం ఎవరికైనా సులభమే. అయిదు గోల్స్ తేడాతో ఓడిపోతున్న జట్టును చూసి నవ్వడం అంతకంటే సులభం. కాని ఓడినవారి వరుసలో అటువంటి నవ్వు సాధారణంగా వినిపించదు. ఆ కష్టం ఎక్కడ పుట్టినదో వారికి తెలుసు. అటువంటి జట్టు చివరి భాగంలో ఒక్క గోలు చేసినప్పుడు ఆ వరుస అంతా లేచి నిలబడుతుంది. ఆ చప్పట్లు ఫలితాన్ని మార్చలేవు. ఆ జట్టులోని పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు మరుసటి ఏడు కూడా కర్ర పట్టుకొంటాడా, లేక ఆటను విడిచిపెడతాడా అన్నది మాత్రం కొంతవరకు వాటి మీద ఆధారపడి ఉంటుంది.

తెలుగు ప్రాంతాలకు ఈ విషయం పరాయిది కాదు. హైదరాబాదు, సికిందరాబాదు నగరాలకు హాకీలో పాత సంప్రదాయం ఉన్నది. హైదరాబాదు ఆటగాడు ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరాలలో వరుసగా మూడు ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరఫున ఆడినాడు. చిత్తూరు జిల్లా గ్రామీణ ప్రాంతం నుంచి వచ్చిన ఇ. రజని భారత మహిళా జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడినది. అవకాశం, మైదానం, చూసి మెచ్చుకొనే నాలుగు కళ్లు లభిస్తే ఈ ప్రాంతంలో ఆటగాళ్లకు కొరత లేదని వీరు నిరూపించినారు.

మహిళల పోటీలు

రజని పేరు చెప్పుకొన్నప్పుడు విద్యార్థినుల పోటీల విషయం కూడా చెప్పుకోవలసి ఉన్నది. ఒలింపిక్ క్రీడలలో మహిళల హాకీ 1980లో మాస్కోలో ప్రవేశించినది. భారత మహిళలు అప్పుడు నాలుగవ స్థానం పొందినారు. తరువాత మళ్లీ ఒలింపిక్ క్రీడలలో ఆడటానికి వారికి 2016 వరకు, అంటే 36 సంవత్సరాలు, వేచి ఉండవలసి వచ్చినది. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో వారు మరల నాలుగవ స్థానానికి చేరినారు. అదే క్రీడలలో పురుషుల జట్టు 41 సంవత్సరాల తరువాత పతకం తెచ్చినది. 2024లో పారిస్‌లో పురుషులు మరొక కాంస్యం గెలిచినారు.

విద్యార్థినుల పోటీలలో ప్రేక్షకుల సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చాలా ఊళ్లలో ఆడపిల్లల ఆటకు వచ్చేవారు తక్కువ. వచ్చినవారిలో కొందరు ఆటను చూడటానికి రారు. అటువంటి చోట్ల ఇతర విశ్వవిద్యాలయాల విద్యార్థినుల జట్లే ఒకరికొకరు అండగా మెట్ల మీద కూర్చుంటున్నారు. ఒక రాష్ట్రపు అమ్మాయిలు ఆడుతున్నప్పుడు మరో రాష్ట్రపు అమ్మాయిలు వారి సంచులకు కాపలా ఉండి, నీళ్లు అందించి, పేరు పెట్టి పిలిచి ఉత్సాహపరచడం ఈ పోటీలలో కనిపించే మంచి ఆచారం. హిందీ రానివారు హిందీలో, తమిళం రానివారు తమిళంలో రెండేసి మాటలు నేర్చుకొనేది ఇక్కడే. ఎడమ, కుడి, వెనుక, వదులు, పరుగెత్తు: ఆటకు కావలసిన మాటలు పదికి మించవు. ఆ పది మాటలతో ఒక భాషలోకి ప్రవేశం దొరుకుతుంది.

ఖాళీ మెట్లు

ఈ వరుస నానాటికీ పలుచబడుతున్నది. అందుకు కారణాలు లేకపోలేదు. పోటీలు తరచు పరీక్షల కాలానికి దగ్గరగా వస్తాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఓడిన జట్టును వెంటనే వెనుకకు పంపడం జరుగుతున్నది. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయంలోనే చాలామంది విద్యార్థులకు తమ ప్రాంగణంలో అఖిల భారత పోటీలు జరుగుతున్న సంగతి తెలియదు. క్రికెట్ మీద ఉన్న మోజు సరేసరి. ఆటగాళ్ల ప్రతిభకు ప్రభుత్వం, క్రీడాసంఘాలు కొంత వ్యయం చేస్తున్నవి. ప్రేక్షకులను తయారు చేయడం ఎవరి పని అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతున్నది.

దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. ఓడిన జట్లు చివరి ఆట ముగిసే వరకు ఉండేటట్లు బస, భోజన సదుపాయాన్ని మరి రెండు రోజులు పొడిగించవచ్చును. ఆతిథ్య విశ్వవిద్యాలయంలోని ఒక్కొక్క వసతి గృహం దూరప్రాంతపు జట్టును ఒకదానిని తమ అతిథిగా స్వీకరించి, దాని ఆటలకు హాజరు కావచ్చును. ఊరిలోని పాత ఆటగాళ్లను పిలిచి విద్యార్థుల మధ్య కూర్చోబెట్టవచ్చును. జట్ల పేర్లతో పాటు ఆటగాళ్ల ఊళ్ల పేర్లు కూడా ధ్వనివర్ధకంలో ప్రకటించవచ్చును. ఎక్కడిదో తెలియని ఒక గ్రామం పేరు వినిపించినప్పుడు, అది ఏ రాష్ట్రంలో ఉన్నదని ప్రక్కవారిని అడిగే విద్యార్థి ఒక్కడున్నా ఆ ప్రయత్నం సఫలమైనట్లే.

చివరి రోజు

చివరి రోజు సాయంకాలం విజేతను నిర్ణయించే ఆట ముగుస్తుంది. గెలిచిన జట్టువారు కర్రలు గాలిలోకి ఎత్తి పరుగులు తీస్తారు. ఓడినవారు మైదానం మధ్య మోకాళ్ల మీద కూలబడతారు. సాధారణ ప్రేక్షకుల దృష్టి గెలిచినవారి మీదనే ఉంటుంది. మెట్ల మీది ఆ మూల వరుస మాత్రం కొద్దిసేపు ఎటూ తేల్చుకోలేక ఆగుతుంది. నాలుగు రోజుల క్రిందట తామూ అదే నేల మీద ఆ విధంగానే కూలబడిన సంగతి వారికి గుర్తున్నది. తరువాత వారిలో కొందరు క్రిందికి దిగి, గెలిచినవారిని దాటి, ఓడినవారి దగ్గరకు పోయి చేయి అందిస్తారు. లేచి నిలబడినవాడు చేయి అందించినవాని భాషను ఎరుగడు. చేయి మాత్రం విడువడు.

ఆ రాత్రి స్టేషనులో రైళ్లు వేరువేరు దిక్కులకు బయలుదేరుతాయి. ట్రోఫీ ఒక్క రైలులోనే వెళుతుంది. మిగిలిన రైళ్లలో వెళ్లేవారి సంచులలో కర్రలు, బురద అంటిన జోళ్లు, ఎవరెవరో వ్రాసి ఇచ్చిన చిరునామాలు ఉంటాయి. మరుసటి ఏడు పోటీలు మరొక ఊరిలో జరుగుతాయి. అక్కడ కూడా కొందరు త్వరగా ఓడిపోతారు. వారు రైలు కొరకు తొందరపడకుండా మెట్ల మీద కూర్చొని ఆటను చివరి వరకు చూసినంత కాలం, ఆ వరుసలో మరొకరికి చోటు ఉంటుంది.